ప్రతి నకలూ పూర్తి నకలే: డిస్ట్రిబ్యూటెడ్ వెర్షన్ కంట్రోల్‌పై ఒక సమీక్ష

ఒక సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టు చరిత్ర ఎవరి దగ్గర ఉండాలి? ఏ లైను ఎవరు రాశారు, ఎప్పుడు మార్చారు, ఎందుకు మార్చారు అనే వివరమంతా ఒక సర్వర్‌లో దాచి, అవసరమైనప్పుడల్లా దాన్ని అడిగి తెలుసుకోవాలా? లేక పనిచేసే ప్రతి మనిషి కంప్యూటర్‌లోనూ మొదటి రోజు నుంచి ఇవాళ్టి దాకా జరిగినదంతా ఉండాలా? ఇరవై ఏళ్ల కిందట ప్రోగ్రామర్ల మధ్య గట్టిగా నలిగిన చర్చ ఇది. ఇప్పుడు చూస్తే తీర్పు వచ్చేసినట్టే ఉంది. 2022లో స్టాక్ ఓవర్‌ఫ్లో జరిపిన సర్వేలో జవాబిచ్చిన డెవలపర్లలో 90 శాతానికి పైగా రెండో పద్ధతిలో, అంటే డిస్ట్రిబ్యూటెడ్ పద్ధతిలో, పనిచేసే గిట్ వాడుతున్నామన్నారు.

అయితే ఒక పనిముట్టు గెలవడం వేరు, అది తెచ్చిన అవకాశం వాడుకలో నిలవడం వేరు. అందుకే ఈ సమీక్షలో రెండు ప్రశ్నలు వేసుకుందాం. డిస్ట్రిబ్యూటెడ్ పద్ధతి ఇస్తానన్నది ఇచ్చిందా? ఇచ్చినదాన్ని మనం వాడుకుంటున్నామా? మొదటిదానికి చాలామటుకు అవుననే చెప్పవచ్చు. రెండోదాని విషయంలో మాత్రం మనం వెనకబడ్డామని నేను నమ్ముతున్నాను. చరిత్ర మొత్తం అందరి చేతికీ వచ్చింది కానీ, నమ్మకాన్నీ భద్రతనూ చర్చనూ మళ్లీ ఒకే గుమ్మం దగ్గర అప్పజెప్పి వస్తున్నాం.

తాళాల కాలం

1972లో బెల్ ల్యాబ్స్‌లో మార్క్ రోచ్‌కైండ్ రాసిన ఎస్‌సీసీఎస్ వెర్షన్ కంట్రోల్ పనిముట్ల వరుసలో మొదటిది. పదేళ్ల తర్వాత, 1982లో, పర్డ్యూ యూనివర్సిటీలో వాల్టర్ టిచీ ఆర్‌సీఎస్ తయారుచేశారు. రెండూ ఫైలు ఫైలుకూ విడిగా చరిత్ర రాసేవి. ఒకరు ఫైలు తీసుకుంటే దానికి తాళం పడేది, వాళ్లు తిరిగి పెట్టేదాకా మిగతావాళ్లు ఆగాల్సిందే. ఆమ్‌స్టర్‌డామ్‌లో డిక్ గ్రూన్ 1986లో బయటపెట్టిన సీవీఎస్ ఆ తాళాన్ని తీసేసింది. ఒకే ఫైలు మీద ఇద్దరు ఒకేసారి పనిచేసి తర్వాత కలుపుకోవచ్చని చూపింది. కానీ పది ఫైళ్లలో చేసిన ఒక మార్పును అది ఒక ముక్కగా చూడలేదు. మధ్యలో కనెక్షన్ తెగితే సగం మార్పులు లోపల, సగం బయట ఉండిపోయేవి. ఫైలు పేరు మారిస్తే చరిత్ర తెగిపోయేది. 2000లో మొదలై 2004లో 1.0కు చేరిన సబ్‌వెర్షన్ ఈ లోపాలను దిద్దింది.

ఇన్ని మెరుగుల మధ్య మారనిది ఒకటుంది. చరిత్ర సర్వర్‌లోనే ఉంటుంది, డెవలపర్ దగ్గర ప్రస్తుత ప్రతి మాత్రమే ఉంటుంది. నెట్ లేకపోతే పాత మార్పులు చూడలేం, కొత్త మార్పును చరిత్రలో నమోదు (కమిట్) చేయలేం. అంతకంటే బరువైన ఫలితం మనుషుల మధ్య కనబడేది. కమిట్ చేసే హక్కు కొద్దిమందికే ఉండేది. కొత్తగా వచ్చినవాళ్లు ఎంత మంచి పని చేసినా, దాన్ని చరిత్రలో తమ పేరుతో తామే రాసుకోలేరు. ప్యాచ్ తయారుచేసి, హక్కున్నవాళ్లకు పంపి, ఎదురుచూడాలి. రాసే పనికి అనుమతి అక్కర్లేదు కానీ, రాసినదాన్ని దశలవారీగా నమోదు చేసుకోవడానికి అనుమతి కావాలి. డిస్ట్రిబ్యూటెడ్ పద్ధతి కొట్టేసింది ఈ గోడనే.

2005 ఏప్రిల్

గిట్‌తోనే ఈ ఆలోచన పుట్టిందనుకోవడం పొరపాటు. సన్ కంపెనీలో టీమ్‌వేర్, దాని అనుభవంతో లారీ మెక్‌వాయ్ తెచ్చిన బిట్‌కీపర్, టామ్ లార్డ్ మొదలుపెట్టిన ఆర్చ్, గ్రేడన్ హోర్ రాసిన మోనోటోన్, డేవిడ్ రౌండీ రాసిన డార్క్స్ అంతకు ముందే ఉన్నాయి. ప్రతి కమిట్‌నూ దాని సారం నుంచి లెక్కగట్టిన హాష్‌తో గుర్తించడమనే పద్ధతిని గిట్ మోనోటోన్‌లో చూసి నేర్చుకుంది.

లైనస్ టోర్వాల్డ్స్ 1991 నుంచి 2002 దాకా లైనక్స్ కెర్నల్‌ను ఏ వెర్షన్ కంట్రోల్ సాయమూ లేకుండా, ఈమెయిల్లో వచ్చే ప్యాచ్‌లను చేత్తో కలుపుతూ నడిపారు. 2002లో బిట్‌కీపర్‌కు మారారు. అది ఒక కంపెనీ సొత్తు, ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులకు షరతుల మీద ఉచితంగా ఇచ్చేవారు. ఆండ్రూ ట్రిడ్జెల్ దానితో మాట్లాడగల మరో ప్రోగ్రామ్ రాయబోవడంతో తగాదా వచ్చింది, 2005 ఏప్రిల్‌లో ఉచిత వాడకం ఆగిపోయింది. ఆ నెల 3న టోర్వాల్డ్స్ గిట్ రాయడం మొదలుపెట్టారు. 7వ తేదీకల్లా గిట్ తన కోడ్‌ను తానే భద్రపరుచుకుంటోంది. జూన్‌లో వచ్చిన 2.6.12 కెర్నల్ విడుదల గిట్‌తోనే నడిచింది. జులైలో ఆయన దాని బాధ్యతను జూనియో హమానోకు అప్పగించారు. అదే ఏప్రిల్‌లో, అదే కారణంతో, ఒలీవియా మాకల్ మెర్క్యూరియల్ అనే మరో డిస్ట్రిబ్యూటెడ్ పనిముట్టును ప్రకటించారు. ఎంతోమంది పనిచేసే ప్రాజెక్టు తన చరిత్రను ఒక కంపెనీ దయ మీద వదిలితే ఏమవుతుందో ఆ నెల అందరికీ తెలిసివచ్చింది. ఈ పాఠాన్ని తర్వాత మనం ఎంత గుర్తుంచుకున్నామో ముందు ముందు చూద్దాం.

లోపల ఏముంది

గిట్ లోపలి అమరిక చూస్తే ఆశ్చర్యం వేసేంత తేలికగా ఉంటుంది. ఫైలులోని విషయం ఒక బ్లాబ్. ఏ ఫోల్డర్‌లో ఏ ఫైళ్లున్నాయో చెప్పేది ట్రీ. ఆ ట్రీ ఏది, దీనికి ముందు కమిట్ ఏది, ఎవరు చేశారు, ఎందుకు చేశారు అని చెప్పేది కమిట్. విడుదలలకు పేరు పెట్టేది ట్యాగ్. ప్రతి ఒక్కదానికీ 40 అక్షరాల ఎస్‌హెచ్‌ఏ-1 హాష్ పేరుగా ఉంటుంది. కమిట్ తన తల్లి కమిట్ హాష్‌ను తనలో ఉంచుకుంటుంది కాబట్టి, పదేళ్ల కిందటి ఒక్క అక్షరం మార్చినా అక్కణ్నుంచి ఇప్పటిదాకా ఉన్న హాష్‌లన్నీ మారిపోతాయి. బ్రాంచ్ అంటే ఒక కమిట్ హాష్ రాసిపెట్టుకున్న పేరు మాత్రమే. కొత్త బ్రాంచ్ తీయడానికి రెప్పపాటు చాలు, ఖర్చేమీ ఉండదు.

రెండు బ్రాంచ్‌లను కలిపేటప్పుడు గిట్ రెండు చివరలను మాత్రమే చూడదు. ఆ రెండూ ఎక్కడ విడిపోయాయో ఆ ఉమ్మడి పూర్వ ప్రతిని వెతికి, మూడింటినీ పోల్చి చూస్తుంది. తాళపత్రాల నకళ్లు పరిష్కరించినవాళ్లు చేసింది ఇలాంటి పనే. సీపీ బ్రౌన్ కడపలో పండితులను కూర్చోబెట్టి ఒకే కావ్యానికి దొరికిన వేర్వేరు ప్రతులను పక్కపక్కన పెట్టించి, పాఠాంతరాలు చూసి, శుద్ధప్రతి తీయించారు. ఏ ప్రతి దేన్ని చూసి రాసిందో ఆ పండితులు ఊహించుకోవాల్సి వచ్చింది, ఎందుకంటే మూలప్రతి వాళ్లకు దొరకలేదు. డిస్ట్రిబ్యూటెడ్ పద్ధతిలో ప్రతి నకలూ తన వంశవృక్షాన్ని వెంట తెచ్చుకుంటుంది. ఎన్ని ఊళ్లలో ఎంతమంది విడివిడిగా పనిచేసినా తిరిగి కలపడం సాధ్యమయ్యేది ఇందుకే.

చరిత్ర చేతిలోనే ఉండటం వల్ల వచ్చే లాభాల్లో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచేది బైసెక్ట్. నెల కిందట సరిగ్గా నడిచిన ప్రోగ్రామ్ ఇవాళ తప్పు లెక్క చూపిస్తోంది, మధ్యలో 1,000 కమిట్లున్నాయి అనుకుందాం. గిట్ మధ్య కమిట్‌ను తీసి ఇస్తుంది. అది బాగుంటే తప్పు రెండో సగంలో ఉంది, లేకపోతే మొదటి సగంలో ఉంది. ఇలా సగాలు చేసుకుంటూ పోతే 10 పరీక్షల్లో తప్పు తెచ్చిన కమిట్ దొరుకుతుంది. కానీ దీనికొక షరతుంది. ప్రతి కమిట్ చిన్నదై ఉండాలి, దానంతట అది నడిచేదై ఉండాలి. వారం రోజుల పనినంతా ఒకే కమిట్‌లో కుక్కి "మార్పులు" అని రాస్తే, బైసెక్ట్ తీసుకొచ్చి చూపేది ఆ గంపనే. దానిలో వెతుక్కోవడం మళ్లీ మన పనే అవుతుంది.

పరిశోధకులు ఏం చూశారు

డిస్ట్రిబ్యూటెడ్ పద్ధతి మనుషుల పనితీరును నిజంగా మార్చిందా? దీనిమీద జరిగిన రెండు ముఖ్యమైన అధ్యయనాలు 2014లో మన హైదరాబాద్‌లో జరిగిన ఐసీఎస్ఈ అంతర్జాతీయ సదస్సులోనే వెలువడ్డాయి.

మొదటిది కాయస్ బ్రిండెస్కు, ఆయన సహచరులు చేసినది. 820 మందిని సర్వే చేసి, 132 రెపోల్లో (ప్రాజెక్టు కోడ్ చరిత్రతో సహా ఉండే నిల్వల్లో) 5,890 మంది చేసిన 3,58,300 కమిట్లను పరిశీలించారు. డిస్ట్రిబ్యూటెడ్ రెపోల్లో కమిట్లు సెంట్రలైజ్డ్ రెపోల కమిట్ల కన్నా 32 శాతం చిన్నవిగా ఉన్నాయని, డెవలపర్లు తమ మార్పులను విడదీసి కమిట్ చేయడం ఎక్కువైందని, ఏ సమస్య కోసం ఈ మార్పు చేశారో దాని నంబరు కమిట్‌లో రాయడం కూడా ఎక్కువేనని తేల్చారు. సొంత మెషీన్‌లో కమిట్ చేసినప్పుడు అది వెంటనే ఎవరి పనికీ అడ్డురాదు కదా, అందుకే చేయి తిరుగుతుంది.

రెండోది కివాంచ్ ముష్లూ బృందానిది. ఒక పెద్ద కంపెనీలో పాత పద్ధతి నుంచి కొత్తదానికి మారుతున్న డెవలపర్లలో 10 మందితో మాట్లాడి, 70 మందిని సర్వే చేశారు. మారాలనుకోవడానికి వాళ్లు చెప్పిన కారణాలు తేలికైన బ్రాంచ్‌లు, సొంత మెషీన్‌లో కొంచెం కొంచెంగా చేసుకోగల కమిట్లు. అడ్డంకులుగా చెప్పినవి నేర్చుకోవడంలో కష్టం, మిగతా పనిముట్లతో సరిగా కలవకపోవడం, పెద్ద కోడ్‌కు తట్టుకోలేకపోవడం.

నేర్చుకోవడంలోని కష్టం మనుషుల తెలివికి సంబంధించినదని చాలామంది అనుకుంటారు. ఎంఐటీలో శాంటియాగో పెరెజ్ డి రోసో, డేనియల్ జాక్సన్ 2013లో, తర్వాత 2016లో రాసిన వ్యాసాలు ఆ అపోహను పోగొట్టాయి. గిట్‌లో స్టేజింగ్, బ్రాంచ్, చేస్తున్న పనిని పక్కన పెట్టుకోవడం వంటి భావనలు ఒకదానిలో ఒకటి చిక్కుకుపోయి ఉన్నాయని, గందరగోళం డిజైన్‌లోనే ఉందని చూపించి, ఆ చిక్కులు లేని గిట్‌లెస్ అనే నమూనాను తయారుచేశారు. గిట్‌లో ఒకే చెక్అవుట్ కమాండ్ బ్రాంచ్ మార్చడానికీ, ఫైలులోని మార్పులు చెరిపేయడానికీ పనికొచ్చేది. ఒకటి అనుకుని ఇంకోటి చేస్తే కమిట్ కాని పని పోయినట్టే. 2019లో వచ్చిన 2.23 వెర్షన్‌లో ఈ రెండు పనులకూ స్విచ్, రిస్టోర్ అని వేర్వేరు కమాండ్లు ఇచ్చారు. కొత్తవాళ్లకు నేర్పేటప్పుడు ఈ రెండింటితోనే మొదలుపెట్టాలి.

ఎవరు నిలిచారు

గిట్, మెర్క్యూరియల్ కొన్నేళ్లు సమఉజ్జీలుగా నడిచాయి. పైథాన్ భాష 2011లో మెర్క్యూరియల్‌కు మారింది. మొజిల్లా, ఓపెన్‌జేడీకే కూడా దాన్నే ఎంచుకున్నాయి. నా దృష్టిలో మెర్క్యూరియల్ కమాండ్లు కొత్తవాళ్లకు ఎంతో నయం. కానీ 2008లో, గిట్ రెపోలను నెట్‌లో ఉంచి పంచుకునే సైట్ గిట్‌హబ్ వచ్చాక తూకం మారింది. పైథాన్ 2017లో గిట్‌కు వచ్చేసింది. 2020లో అలాంటి మరో సైట్ బిట్‌బకెట్ మెర్క్యూరియల్ రెపోలను తీసేసింది. అదే ఏడాది ఓపెన్‌జేడీకే మారింది. మెర్క్యూరియల్‌లో చరిత్ర సుమారు 1.2 గిగాబైట్లు పడితే గిట్‌లో 300 మెగాబైట్లలోనే సరిపోవడం, గిట్ తెలిసిన పనిముట్లూ సైట్లూ ఎక్కువగా ఉండటం వాళ్లు చెప్పిన కారణాలు. మొజిల్లా ఫైర్‌ఫాక్స్‌ను గిట్‌కు మారుస్తామని 2023 నవంబరులో ప్రకటించింది. వేగం, పొదుపు గిట్‌కు తోడ్పడ్డ మాట నిజమే. అయినా చివరకు అందరినీ లాగింది జనం ఎక్కువగా ఉన్న చోటు.

పరిమాణం దగ్గర పరిమితి

ప్రతి నకలూ పూర్తి నకలే అన్న సూత్రానికి అసలు పరీక్ష పరిమాణం దగ్గర వస్తుంది. మైక్రోసాఫ్ట్ 2017లో విండోస్ కోడ్‌ను గిట్‌లోకి తెచ్చింది. 35 లక్షల ఫైళ్లు, 300 గిగాబైట్లు, దాదాపు 4,000 మంది ఇంజినీర్లు. మామూలు గిట్‌తో క్లోన్ చేయడానికి, అంటే పూర్తి నకలు దించుకోవడానికి, 12 గంటల పైన పట్టేది, ఏ ఫైళ్లు మారాయో చూడటానికి 10 నిమిషాలు. తెరిచిన ఫైలును అప్పటికప్పుడు సర్వర్ నుంచి తెచ్చే జీవీఎఫ్ఎస్ తయారుచేశాక క్లోన్ కొన్ని నిమిషాల్లోకి, మార్పులు చూడటం 4-5 సెకన్లలోకి వచ్చింది. అయితే దీనితో ప్రతి నకలూ పూర్తి నకలు కాకుండా పోయింది, మళ్లీ సర్వర్ కావాలి.

గూగుల్ తన ఉమ్మడి కోడ్ విషయంలో అసలు ఈ దారికే రాలేదు. 2015 జనవరి నాటికి ఆ కంపెనీ ఉమ్మడి రెపోలో 100 కోట్ల ఫైళ్లు, 86 టెరాబైట్ల విషయం ఉన్నాయి. 25,000 మంది డెవలపర్ల కోసం పైపర్ అనే సొంత కేంద్ర వ్యవస్థను నడిపింది. ఫేస్‌బుక్ మెర్క్యూరియల్‌ను తన అవసరాలకు మార్చుకుంటూ పోయి, ఆ దారిలో తయారైన సాప్లింగ్‌ను 2022లో అందరికీ ఇచ్చింది. వీడియో గేమ్‌ల స్టూడియోల్లో బొమ్మలూ శబ్దాలూ పెద్ద పెద్ద ఫైళ్లుగా ఉంటాయి. వాటిని లైను లైనుకూ పోల్చి కలపడం కుదరదు కాబట్టి పెర్ఫోర్స్ వంటి కేంద్ర పద్ధతులు, వాటిలోని పాత తాళమూ ఇప్పటికీ అక్కడ పనికొస్తున్నాయి.

గిట్ కూడా ఊరుకోలేదు. పెద్ద ఫైళ్లకు గిట్ ఎల్ఎఫ్ఎస్, అవసరమైన భాగాన్నే తెచ్చుకునే పార్షియల్ క్లోన్, కావలసిన ఫోల్డర్లనే పరుచుకునే స్పార్స్ చెక్అవుట్ వచ్చాయి. ఈ వాదనలు చదివి చిన్న జట్లు భయపడనవసరం లేదు. పది మందో వంద మందో పనిచేసే ప్రాజెక్టు కోడ్ పూర్తి చరిత్రతో సహా మామూలు ల్యాప్‌టాప్‌లో హాయిగా ఇముడుతుంది. ఆ గోడ తగిలేది ఏ కొద్దిమందికో.

నమ్మకం ఎక్కడ ఉంది

భద్రత విషయంలో ఈ పద్ధతి ఏం చేయగలదో, ఏం చేయలేదో నాలుగు సంఘటనలు చూస్తే తెలుస్తుంది.

2003 నవంబరులో లైనక్స్ కెర్నల్‌లోకి ఎవరో రెండు లైన్లు దూర్చబోయారు. అసలు కోడ్ బిట్‌కీపర్‌లో ఉండేది, అది వద్దనుకునేవాళ్ల కోసం ఒక సీవీఎస్ నకలు నడిపేవారు. ఆ నకలు ఉన్న మెషీన్‌లోకి చొరబడి, సరిపోల్చే రెండు సమానం గుర్తుల చోట ఒక్కటే పెట్టిన కోడ్ చేర్చారు. పైకి అది ఒక తనిఖీలా కనిపిస్తుంది, లోపల మాత్రం వాడేవాడికి సిస్టమ్ మీద సర్వాధికారం ఇస్తుంది. రెండు చోట్ల ఉన్న చరిత్రలు సరిపోలకపోవడంతో దొరికిపోయింది. 2011 ఆగస్టులో కెర్నల్ కోడ్ ఉండే కెర్నల్.ఆర్గ్ సర్వర్లలోకే దొంగలు చొరబడ్డారు. కెర్నల్ కోడ్ గురించి పెద్దగా కంగారు పడాల్సిన పని లేకపోయింది. ప్రపంచమంతటా వేలమంది దగ్గర అదే హాష్‌ల చరిత్ర ఉంది, ఒక చోట తారుమారు చేస్తే మిగతా చోట్ల వెంటనే తెలిసిపోతుంది.

2021 మార్చిలో పీహెచ్‌పీ భాష సొంత గిట్ సర్వర్‌లో రెండు దుష్ట కమిట్లు కనిపించాయి. వాటిమీద ఉన్న పేర్లు పీహెచ్‌పీ సృష్టికర్త రాస్మస్ లెర్డార్ఫ్‌వి, ముఖ్య డెవలపర్ నికితా పోపోవ్‌వి. వాటితో ఆ ఇద్దరికీ ఏ సంబంధమూ లేదు. కమిట్‌లోని పేరూ ఈమెయిలూ ఎవరైనా ఏమైనా రాసుకోగల పాఠం మాత్రమే. కమిట్ తర్వాత జరిగిన సమీక్షలో కొన్ని గంటల్లోనే పట్టుకున్నారు. హాష్ చెప్పేది ఈ విషయం మారలేదని మాత్రమే, దీన్ని ఫలానావాళ్లే రాశారని చెప్పాలంటే డిజిటల్ సంతకం కావాలి. 2012లో వచ్చిన 1.7.9 వెర్షన్ నుంచే గిట్‌లో కమిట్లకు సంతకం చేసే సదుపాయం ఉంది. అయినా సంతకం లేని కమిట్లతోనే నడిచే ప్రాజెక్టులు ఇవాళ్టికీ ఎన్నో.

నాలుగోది 2024 మార్చిలో బయటపడ్డ, ఫైళ్లను కుదించే ఎక్స్‌జెడ్ అనే పనిముట్టు వ్యవహారం. పోస్ట్‌గ్రెస్ డెవలపర్ ఆండ్రెస్ ఫ్రాయిండ్ తన సిస్టమ్‌లోకి లాగిన్ కావడానికి అర సెకను ఆలస్యం అవుతోందని గమనించి తవ్వుకుంటూ పోతే, 5.6.0, 5.6.1 విడుదలల్లో దొంగదారి కనబడింది. ఆ దారిని తెరిచే కీలకమైన ఫైలు గిట్ రెపోలో లేదు, జనం దించుకునే విడుదల ఫైలులో మాత్రమే ఉంది. మిగతా సరుకు పరీక్షల కోసమని చెప్పిన బైనరీ ఫైళ్లలో దాగి, రెపోలో అందరి కళ్లముందే ఉంది. చరిత్ర ఎంత పారదర్శకంగా ఉన్నా, విడుదల దాని నుంచే తయారైందో లేదో సరిచూడకపోతే ఆ పారదర్శకత ఎవరినీ కాపాడదు.

ఇక హాష్ సంగతి. 2017 ఫిబ్రవరిలో ఆమ్‌స్టర్‌డామ్‌లోని సీడబ్ల్యూఐ, గూగుల్ పరిశోధకులు ఒకే ఎస్‌హెచ్‌ఏ-1 హాష్ వచ్చే రెండు వేర్వేరు పీడీఎఫ్‌లను చూపించారు. వాటిని పరీక్ష కోసం చేర్చినప్పుడు వెబ్‌కిట్ ప్రాజెక్టు సబ్‌వెర్షన్ రెపోనే చెడిపోయింది. గిట్ ఆ ఏడాదే ఇలాంటి దాడిని పసిగట్టే కోడ్‌ను చేర్చుకుంది, 2020లో ఎస్‌హెచ్‌ఏ-256ను ప్రయోగాత్మకంగా తెచ్చింది. ఇన్నేళ్లయినా ఆ మార్పు పూర్తికాలేదు. కోట్లాది నకళ్లు ఒకే హాష్‌ను నమ్ముకున్నప్పుడు దాన్ని మార్చడం ఎంత కష్టమో ఇక్కడ కనిపిస్తుంది.

మళ్లీ ఒకే గుమ్మానికి

గిట్‌హబ్ చేసిన మేలు చిన్నది కాదు. ఎవరి అనుమతీ అడగకుండా ఫోర్క్ చేసుకుని, మార్పు చేసి, పుల్ రిక్వెస్ట్ పంపడం అనే మర్యాదను అది ప్రపంచానికి అలవాటు చేసింది. ఊరు, కాలేజీ, పరిచయాలు ఏవీ అడ్డుకాకుండా తెలుగు విద్యార్థులు ప్రపంచ స్థాయి ప్రాజెక్టుల్లో పేరు నమోదు చేసుకోగలగడానికి ఈ దారి తోడ్పడింది. 2018లో మైక్రోసాఫ్ట్ 750 కోట్ల డాలర్లకు దాన్ని కొనుగోలు చేసినప్పుడు, ఆ నిర్ణయాన్ని ప్రకటించింది హైదరాబాద్‌లో పుట్టిపెరిగిన సత్య నాదెళ్ల.

కానీ గిట్ క్లోన్‌తో మన చేతికి వచ్చేది కోడ్ చరిత్ర మాత్రమే. దాని చుట్టూ జరిగిన చర్చ, బగ్‌ల పట్టిక, సమీక్షల్లో ఎందుకు ఇలా చేశారో చెప్పిన వాదనలు, పరీక్షల ఏర్పాట్లు, ఎవరికి ఏ హక్కుందో చెప్పే జాబితా అన్నీ సైట్‌లోనే ఉండిపోతాయి. ఐదేళ్ల తర్వాత కోడ్ చదివేవాళ్లకు కోడ్ కన్నా ఆ వాదనలే ఎక్కువ అవసరం పడతాయి. ఎస్‌క్యూలైట్ సృష్టికర్త రిచర్డ్ హిప్ రాసిన ఫాసిల్‌లో బగ్‌ల పట్టిక, వికీ కూడా రెపోలోనే ఉండి ప్రతి నకలుతోనూ ప్రయాణిస్తాయి. ఆ ఆలోచన గిట్ ప్రపంచంలో సాధారణం కాకపోవడం పెద్ద లోటు.

ఒకే గుమ్మం మూసుకుంటే ఏమవుతుందో మనకు అనుభవమే. 2014 డిసెంబరులో భారత ప్రభుత్వ ఆదేశంతో 32 సైట్లను ఆపినప్పుడు ఆ జాబితాలో గిట్‌హబ్ కూడా ఉంది. కొద్ది రోజుల్లో తెరిచినా, అప్పటిదాకా దేశంలో చాలామందికి తమ ప్రాజెక్టుల దారి మూసుకుపోయింది. 2019లో అమెరికా ఆంక్షల పేరుతో ఇరాన్, సిరియా, క్రిమియా డెవలపర్ల ఖాతాల మీద గిట్‌హబ్ పరిమితులు పెట్టింది. ఒకప్పుడు వేల ప్రాజెక్టులకు ఇల్లయిన గూగుల్ కోడ్ 2016లో మూతపడింది.

నకళ్లు ఎన్నో ఉన్నాయన్న ధీమా కూడా చాలదు. 2013 మార్చిలో కేడీఈ ప్రాజెక్టు గిట్ సర్వర్‌లో డిస్క్ విషయం చెడిపోయింది. దాన్ని చూసి తమను తాము సరిచేసుకునే మిర్రర్ సర్వర్లు ఆ చెడిపోయిన స్థితినే నమ్మకంగా కాపీ చేసుకున్నాయి. దాదాపు 1,500 రెపోలు పోయే పరిస్థితి. ఒక సర్వర్‌లో మాత్రం చెడని ప్రతి మిగలడంతో బయటపడ్డారు. మిర్రర్ అసలును అనుకరిస్తుంది, తప్పుతో సహా. బ్యాకప్ అంటే గడిచిన స్థితిని మార్పులేకుండా నిలిపేది. ఈ తేడా తెలియక, గిట్ వాడుతున్నాం కాబట్టి బ్యాకప్ అక్కర్లేదనుకునే జట్లు ఉన్నాయి.

గిట్ పుట్టిన లైనక్స్ కెర్నల్ ఇప్పటికీ వికేంద్రీకరణను మాటలో కాక పనిలో చూపిస్తోంది. ప్యాచ్‌లు ఈమెయిల్లో వస్తాయి, చర్చ అందరి పెట్టెల్లోనూ నిలుస్తుంది. ఒక్కో విభాగానికి ఒక్కో మెయింటెయినర్ సొంత ట్రీ నడుపుతారు. ప్రతి విడుదలకూ మొదటి రెండు వారాల్లో టోర్వాల్డ్స్ వాళ్ల ట్రీల నుంచి, ఎక్కువగా సంతకం చేసిన ట్యాగ్‌ల ద్వారా, మార్పులు తీసుకుంటారు. తొమ్మిది పది వారాలకొక విడుదల వస్తుంది. ఇది అందరికీ సరిపడే పద్ధతి కాకపోవచ్చు కానీ, ఏ ఒక్క సైట్ లేకపోయినా ఆగని పద్ధతి.

తెలుగు పాఠం గిట్‌లో

తెలుగు ఫాంట్లు, నిఘంటువులు, అనువాదాలు, పాఠ్యపుస్తకాల పనిలో ఉన్నవాళ్లు గిట్‌ను కోడ్‌కే పరిమితమని అనుకోకూడదు. కొన్ని జాగ్రత్తలు తెలిస్తే చాలు. తెలుగులో పేరు పెట్టిన ఫైళ్లను గిట్ మామూలుగా అంకెల వరుసలుగా చూపిస్తుంది. కోట్‌పాత్ అనే సెట్టింగ్‌ను ఆపితే పేర్లు తెలుగులోనే కనబడతాయి. యూటీఎఫ్-16లో సేవ్ చేసిన ఫైలును గిట్ బైనరీ అనుకుని తేడాలు చూపదు, కాబట్టి యూటీఎఫ్-8 వాడాలి. అను ఫాంట్లలో టైపు చేసిన పాత పాఠాన్ని యూనికోడ్‌లోకి మార్చకుండా పెడితే తేడాలు ఎవరికీ అర్థం కావు. పేరా అంతా ఒకే లైనుగా రాస్తే ఒక్క మాట దిద్దినా పేరా మొత్తం మారినట్టు చూపుతుంది. వాక్యానికొక లైను పెట్టుకోవడం, తేడాలను మాటల వారీగా చూడటం మేలు. పరభాషా పదాల మధ్య మనం పెట్టే కనబడని విడదీత గుర్తు ఒక చోట ఉండి ఇంకో చోట లేకపోతే, కంటికి ఒకేలా ఉన్న లైన్లు మారాయని గిట్ అంటుంది. ఈ గుర్తు వాడకం మీద ప్రాజెక్టు మొదట్లోనే ఒక నియమం పెట్టుకోవాలి.

ముందున్న దారి, చేయవలసిన పని

కొత్త ప్రయత్నాలు ఆశ కలిగిస్తున్నాయి. గూగుల్‌లో మార్టిన్ ఫాన్ స్వైగ్‌బెర్గ్ మొదలుపెట్టిన జుజుట్సు, గిట్ నిల్వనే వాడుకుంటూ స్టేజింగ్ బెడద లేకుండా, చేసిన ఏ పనినైనా వెనక్కి తీసుకునేలా, తేలని కాన్‌ఫ్లిక్ట్‌ను కూడా కమిట్‌లో భద్రపరిచేలా తయారైంది. పిహుల్ అనే మరొకటి, డార్క్స్ బాటలో, మార్పులనే మూలంగా తీసుకునే సిద్ధాంతాన్ని ముందుకు తీసుకెళ్తోంది. ఫ్రాన్స్‌లోని ఇన్రియా 2016లో మొదలుపెట్టిన సాఫ్ట్‌వేర్ హెరిటేజ్ ప్రపంచంలో బహిరంగంగా దొరికే సోర్స్ కోడ్‌ను చరిత్రతో సహా దాస్తోంది. సైట్లు మూతపడినా కోడ్ మిగలాలన్న పట్టుదల దాని వెనక ఉంది.

ఇక నా మాట. గేమ్‌ల వంటి భారీ బైనరీ పనులనూ, అతి పెద్ద ఉమ్మడి రెపోలనూ మినహాయిస్తే, ఏ సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టుకైనా డిస్ట్రిబ్యూటెడ్ పద్ధతే సరైనది. కానీ దాన్ని ఎంచుకోవడంతో పని అయిపోదు. ఒక కారణానికి ఒక కమిట్ చేసి, ఆ కారణాన్ని సందేశంలో రాయాలి. సొంత బ్రాంచ్‌లో చరిత్రను రీబేస్‌తో ఎంతైనా సరిదిద్దుకోవచ్చు కానీ, ఇతరులు తీసుకున్న చరిత్రను తిరగరాయకూడదు. పాస్‌వర్డ్ పొరపాటున కమిట్‌లోకి వెళ్తే, తర్వాతి కమిట్‌లో చెరిపేసినా అది పాత చరిత్రలో ఉంటుంది, కాబట్టి వెంటనే ఆ పాస్‌వర్డ్‌నే మార్చేయాలి. విడుదలల ట్యాగ్‌లకు సంతకం చేయాలి. ముఖ్యమైన నిర్ణయాలను సైట్ చర్చల్లో వదిలేయకుండా రెపోలోనే ఒక ఫైలుగా రాసిపెట్టాలి. వేరే యాజమాన్యం కింద ఉన్న రెండో చోట ఒక మిర్రర్, దానికి తోడు విడిగా బ్యాకప్ ఉండాలి. ఆ బ్యాకప్ నుంచి ప్రాజెక్టును మొత్తంగా లేపి నడిపించడం ఏడాదికి ఒకసారైనా చేసి చూడాలి.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఇంజినీరింగ్ కాలేజీలకు ఒక విన్నపం. చివరి ఏడాది ప్రాజెక్టుకు మార్కులు వేసేటప్పుడు తుది కోడ్‌తో పాటు కమిట్ చరిత్రను కూడా తెరిచి చదవండి. ఎవరు ఏ భాగం రాశారో, ఎక్కడ తడబడ్డారో, ఎలా దిద్దుకున్నారో అందులో ఉంటుంది. అరువు తెచ్చిన పనికీ సొంత పనికీ తేడా కూడా చాలావరకు అక్కడే తెలుస్తుంది. నాలుగేళ్ల చదువులో తమ పని చరిత్రను తామే శుభ్రంగా రాసి, తామే భద్రపరుచుకోవడం నేర్చిన విద్యార్థి రేపు ఏ కంపెనీలో చేరినా, ఏ సైట్ వాడినా, తన పని మీద అధికారాన్ని ఇంకొకరి చేతికి ఇచ్చేసి కూర్చోడు. ఈ పద్ధతి మనకు ఇచ్చిన అసలు విలువ ఆ అధికారమే. దాన్ని నిలుపుకోవడానికి కొత్త పనిముట్టు ఏదీ అక్కర్లేదు, ఉన్నదాన్ని పూర్తిగా వాడుకునే అలవాటు ఉంటే చాలు.